సున్నం ముందు దిగింది, సోడియం మిగిలింది
(ఎండిన సరస్సుల అడుగున ఉన్న క్షార నేలల గురించి చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మాట మొదలుపెట్టే ముందు ఈ బల్ల మీద చిన్న పని ఒకటి చేసి పెడతాను. ఇక్కడ రెండు గాజు గ్లాసులు ఉన్నాయి. ఎడమ గ్లాసులో ఉన్నది స్వేదనజలం, ఏమీ కలపలేదు. కుడి గ్లాసులో జిప్సం కలిపి, పూర్తిగా తేరుకున్నాక పైనుంచి వంచుకున్న నీరు. చూపుకు రెండూ ఒకటే. నా చేతిలోని ఈ రెండు మట్టిబెడ్డలు కూడా ఒకే ముద్దలోంచి విరిచినవి. మామూలు బంకమట్టిని బట్టల సోడా నీటిలో కొన్నాళ్లు నానబెట్టాను. తరువాత ఆల్కహాలుతో కడిగి, మిగిలిన సోడాను తీసేసి, నీడలో ఆరబెట్టాను. ఒక్కొక్కటి శనగగింజంత ఉంటుంది. ఇదిగో, ఒకటి ఇందులో, ఒకటి అందులో. కదపను, కలపను. వాటి మానాన వాటిని వదిలేద్దాం. ముందు వరుసలో ఉన్నవారు మధ్యమధ్యలో ఓ కన్ను వేసి ఉంచండి.

ఈ రోజు నేను చెప్పబోయే నేలలు అమెరికా పశ్చిమ భాగంలోని గ్రేట్ బేసిన్‌లో ఉన్నాయి. సియెర్రా నెవాడా పర్వతాలకూ వాసాచ్ పర్వతాలకూ మధ్య, నెవాడా రాష్ట్రంలో చాలా భాగం, యూటాలో పశ్చిమ భాగం కలిసిన ఎడారి అది. అక్కడ పడిన వాన సముద్రానికి చేరదు. కొండల మీది మంచు కరిగి ఏరవుతుంది, ఏరు లోయలోకి దిగుతుంది, అక్కడితో దాని ప్రయాణం ముగుస్తుంది. కొంత ఇంకుతుంది, తక్కినదంతా ఎండకు ఆవిరవుతుంది. ఆవిరయ్యేది నీరు ఒక్కటే. ఆ నీరు కొండలనుంచి కరిగించి మోసుకొచ్చిన లవణాలు మాత్రం లోయలోనే ఉండిపోతాయి. వేల సంవత్సరాలుగా ఇదే జరుగుతోంది.

చివరి మంచుయుగంలో ఆ లోయలు ఇలా లేవు. వాతావరణం చల్లగా ఉండేది, ఆవిరయ్యే నీరు తక్కువ, వచ్చే నీరు ఎక్కువ. లోయలు నిండి, ఒకదాన్ని ఒకటి కలుపుకొని మహా సరస్సులయ్యాయి. తూర్పున బోనవిల్ సరస్సు, పడమట లాహాంటన్ సరస్సు. బోనవిల్ నిండుగా ఉన్న కాలంలో దాని విస్తీర్ణం సుమారు 50,000 చదరపు కిలోమీటర్లు, లోతు 300 మీటర్లకు పైనే. ఇప్పుడు మనం చూసే గ్రేట్ సాల్ట్ లేక్ దాని అడుగున మిగిలిన మడుగు. లాహాంటన్ విస్తీర్ణం 22,000 చదరపు కిలోమీటర్ల దాకా ఉండేది. దాని వారసులుగా పిరమిడ్ లేక్, వాకర్ లేక్ మిగిలాయి. లాహాంటన్ చరిత్రను ఇజ్రాయెల్ రసెల్ 1885లో, బోనవిల్ చరిత్రను గ్రోవ్ కార్ల్ గిల్బర్ట్ 1890లో అమెరికా భూగర్భ సర్వే తరఫున పెద్ద గ్రంథాలుగా వెలువరించారు. కొండవాలు మీద మెట్లు మెట్లుగా కనిపించే గీతలన్నీ పాత తీరరేఖలేనని వాళ్లు ఒక్కొక్కటీ కొలిచి చూపించారు. గిల్బర్ట్ చూపించిన మరో విషయం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. ఒకే తీరరేఖ సరస్సు అంచుల్లో కంటే మధ్యనున్న కొండల మీద ఎక్కువ ఎత్తులో ఉంది. ఒకప్పుడు ఒకే మట్టంలో ఉన్న గీత ఇప్పుడు వంగి ఉందంటే, నీటి బరువుకు కుంగిన భూమి ఆ బరువు తొలగాక పైకి లేచిందన్నమాట.

ఆ సరస్సులు ఎండాయి. అడుగున ఏం మిగిలింది? ఒడ్డు దగ్గర ఇసుక, గులకరాళ్లు. లోపలికి పోయేకొద్దీ ఒండ్రు. నడిమధ్యన, అలలు కదపలేని చోట, మెత్తని బంకమన్ను. దాంతోపాటు నీటిలోనుంచి అవక్షేపంగా దిగిన సున్నం, డయాటమ్‌లనే సూక్ష్మ నాచుల గుల్లలు, అగ్నిపర్వతాల బూడిద పొరలు. ఆరెగాన్‌లోని మజామా పర్వతం సుమారు 7,700 ఏళ్ల కిందట పేలినప్పుడు ఎగిరిన బూడిద ఈ బేసిన్‌లో చాలాచోట్ల మట్టి కోతల్లో తెల్లని గీతలా కనిపిస్తుంది. మట్టి పొరల వయసు చెప్పడానికి మా వాళ్లకు అంతకంటే మంచి గుర్తు దొరకదు.

ఇక్కడిదాకా భూగర్భశాస్త్రం. నేను మట్టి మనిషిని. నాకు కావలసిన ప్రశ్న వేరే ఉంది. నీటిలో కరిగి ఉన్నవాటిలో ఏది ముందు వదిలి వెళ్లింది, ఏది చివరిదాకా మిగిలింది? ఈ ఎడారి నేలల గుణం తెలుసుకోవాలంటే అన్నిటికంటే ముందు అడగాల్సింది ఇదేనని నా అభిప్రాయం. వర్గీకరణలో ఎన్ని పేర్లు వచ్చినా చివరికి అవి చెప్పేది ఈ వరుస గురించే.

నదినీరు ఎండుతున్నప్పుడు మొదట దిగిపోయేది సున్నం, అంటే కాల్షియం కార్బొనేట్. దిగుతూ దిగుతూ అది నీటిలోని కాల్షియాన్నీ బైకార్బొనేట్‌నూ రెండింటినీ వాడుకుంటుంది. ఆ రెండూ సరిసమానంగా ఉండటం అరుదు. ఏదో ఒకటి ముందు అయిపోతుంది, రెండోది మిగులుతుంది. అసలు మలుపు అక్కడే ఉంది. కాల్షియం ఎక్కువగా ఉండి మిగిలితే, తరువాత జిప్సం, అంటే కాల్షియం సల్ఫేట్, దిగుతుంది, చివరకు సోడియం క్లోరైడ్, అంటే మనం వాడే ఉప్పు పేరుకుంటుంది. అలాకాక బైకార్బొనేట్ మిగిలితే, నీటిలో కాల్షియం దాదాపు ఉండదు. సోడియమూ కార్బొనేటూ జతకట్టి బట్టల సోడా నీరు తయారవుతుంది. 1970లో హార్డీ, యూగ్‌స్టర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ మలుపులను లెక్కగట్టి చూపారు. మొదట్లో రెండు నీళ్ల మధ్య ఉన్న అతిచిన్న తేడా చివరికి వచ్చేసరికి పూర్తిగా వేరైన రెండు సరస్సులుగా ఎలా పరిణమిస్తుందో ఆ లెక్క చెబుతుంది.

గ్రేట్ బేసిన్‌లో రెండు రకాలూ ఉన్నాయి. పడమట సియెర్రా నెవాడా గ్రానైటు మీదుగా, అగ్నిపర్వత శిలల మీదుగా దిగే నదుల్లో బైకార్బొనేట్ పాలు ఎక్కువ. అందుకే మోనో లేక్, ఓవెన్స్ లేక్, పిరమిడ్ లేక్ అన్నీ సోడా వైపు మొగ్గినవే. తూర్పున సున్నపురాతి కొండలు, పాత సముద్రాల ఉప్పును దాచుకున్న శిలలు. అటు గ్రేట్ సాల్ట్ లేక్ ఉప్పు సరస్సు అయింది. సున్నం ముందే వెళ్లిపోవడాన్ని కంటితో చూడాలంటే పిరమిడ్ లేక్ ఒడ్డున నిలబడితే చాలు. నీటిలోంచి లేచిన గోపురాల్లాంటి రాళ్లు కనిపిస్తాయి. వాటిని టూఫా అంటారు. అడుగునుంచి ఊరే నీటిలోని కాల్షియం సరస్సులోని కార్బొనేట్‌తో కలిసిన చోటల్లా సున్నం గట్టిపడి అలా పెరిగింది. 1844లో ఫ్రీమాంట్ అనే అన్వేషకుడు ఆ సరస్సుకు పిరమిడ్ అని పేరు పెట్టింది అలాంటి ఒక రాతి ఆకారాన్ని చూసే. ఆ గోపురాల్లో ఉన్న కాల్షియమంతా నీటికి దూరమైందే.

ఇప్పుడు నేల దగ్గరికి వద్దాం. మన భాషలో దీనికి మంచి మాటలు ఉన్నాయి. పైన తెల్లగా ఉప్పు పేరుకునే నేలను పాలచౌడు అంటారు. నల్లగా, తడిస్తే జిగటగా, ఆరితే రాయిలా ఉండేదాన్ని కారుచౌడు అంటారు. కాలిఫోర్నియాలో 19వ శతాబ్దం చివరి దశకాల్లో యూజీన్ హిల్‌గార్డ్ అనే మట్టి శాస్త్రవేత్త ఈ నేలల మీద పనిచేసినప్పుడు అక్కడి రైతుల వాడుకలో ఉన్న మాటలు కూడా సరిగ్గా ఇవే: తెల్ల క్షారం, నల్ల క్షారం. దూరదూరాల రైతులు ఒకే రెండు రంగులను పట్టుకున్నారంటే ఆ తేడా మట్టిలో నిజంగా ఉన్నదే. నలుపు ఎక్కడినుంచి వస్తుంది? సోడియం కార్బొనేట్ మట్టిలోని సేంద్రియ పదార్థాన్ని కరిగించేస్తుంది. ఆ కరిగిన ద్రవం నీటితోపాటు పైకి ఎగబాకి, ఎండి, ముదురు రంగు పెచ్చుగా మిగులుతుంది. జిప్సం వేస్తే ఈ నల్ల క్షారం తగ్గుతుందని హిల్‌గార్డ్ చెప్పాడు. కారణం సులువు. జిప్సంలోని కాల్షియం సోడాతో కలిసి సున్నంగా దిగుతుంది, సోడియం సల్ఫేట్ రూపంలోకి మారుతుంది. మట్టికణాల మీద సోడియం పట్టుకొని కూర్చోవడమే అసలు జబ్బు అన్నది తరువాత రష్యాలో గెడ్రోయిట్స్ అనే మట్టి శాస్త్రవేత్త చేసిన పరిశోధనల్లో స్పష్టమైంది.

ఉప్పు ఎక్కువ ఉండటం వేరు, సోడియం పట్టి ఉండటం వేరు. చాలామంది ఇక్కడే పొరబడతారు కాబట్టి ఇది నిదానంగా చెబుతాను. బంకమన్ను కణాలు పలచని రేకుల్లా ఉంటాయి, వాటి మీద రుణ ఆవేశం ఉంటుంది. అంటే అవి ఒకదాన్ని ఒకటి తోసుకోవాలి. మధ్యలో కాల్షియం ఉంటే, దానికి రెండు ధన ఆవేశాలు కనుక అది రేకుల దగ్గరకు గట్టిగా లాగబడి, ఆ తోపును అణిచేస్తుంది. రేకులు దగ్గరకు చేరి ముద్దకడతాయి. ముద్దల మధ్య సందులుంటాయి, సందుల్లోంచి నీరూ గాలీ కదులుతాయి. కాల్షియం పోయి సోడియం వస్తే, దానికి ఒక్కటే ఆవేశం, పైగా చుట్టూ నీటిని పట్టుకొని లావెక్కి ఉంటుంది. రేకులు విడిపోతాయి. విడివిడి రేకులు నీటితోపాటు జారి, ఉన్న ప్రతి సందునూ పూడ్చేస్తాయి.

అయితే నీటిలో ఉప్పు దండిగా ఉన్నంతకాలం సోడియం పట్టిన మన్ను కూడా ముద్దగానే ఉంటుంది. ఉప్పు గాఢత రేకుల మధ్య తోపును అణచిపెడుతుంది. కాబట్టి ఉప్పూ సోడియమూ రెండూ ఉన్న నేలను చూస్తే మెత్తగా, గుల్లగా, ఫరవాలేదు అనిపిస్తుంది. ఆ నేల మీద మంచినీరు పారించి ఉప్పు కడిగేయండి. తెల్లదనం పోతుంది. ఆ మరుక్షణం నుంచి మన్ను విచ్చిపోయి, నీరు దిగడం ఆగిపోతుంది. బాగుచేద్దామనుకున్నవాళ్ల చేతుల్లోనే నేల బిగుసుకుపోతుంది. మధ్యలో జిప్సం లాంటి కాల్షియం ఏదో ఉంటే తప్ప ఇలాగే అవుతుంది. నేలను చూడగానే తెల్లగా ఉందా అని కాకుండా, కాల్షియం ఉందా, సోడియం ఎంత పట్టింది అని అడగమని నేను విద్యార్థులతో పోరేది ఇందుకే.

ఎడమ గ్లాసు చూడండి. బెడ్డ చుట్టూ పాలలాంటి పొగ మొదలైంది కదా. సరే, దాన్ని అలాగే ఉంచుదాం.

ఎండిన సరస్సు అడుగును ప్లాయా అంటారు. దూరంనుంచి అన్నీ ఒకేలా ఉన్నా, అడుగు పెడితే తేడా తెలుస్తుంది. భూగర్భజలం లోతుగా ఉన్న ప్లాయా గచ్చులా గట్టిగా ఉంటుంది. చలికాలంలో కాసిని నీళ్లు నిలుస్తాయి. గాలి ఆ పలచని నీటిపొరను అటూ ఇటూ నెడుతుంది. విచ్చిపోయిన బంకమన్ను మళ్లీ మళ్లీ పేరుకొని, ప్రతి ఏడూ కొత్తగా అలికినట్టు చదునవుతుంది. లాహాంటన్ అడుగులోని బ్లాక్ రాక్ ఎడారి అలాంటిదే. 1997 అక్టోబరులో నేల మీద నడిచే వాహనం మొదటిసారిగా శబ్దవేగాన్ని దాటింది ఆ చదును మీదే. ఆ పరుగు చూసినవారు వాహనాన్ని మెచ్చుకున్నారు. నాకు మాత్రం దాని చక్రాల కింద ఉన్న సోడియం బంకమన్నే గుర్తొస్తుంది.

భూగర్భజలం పైకే ఉన్న ప్లాయా వేరు. నీరు కేశనాళికల్లాంటి సన్న సందుల్లోంచి ఎగబాకి, పైన ఆవిరై, ఉప్పును అక్కడే వదులుతుంది. ఆ నేల మీద నడిస్తే అప్పడం విరిగినట్టు పైపెచ్చు పగిలి, కాలు చీలమండదాకా పిండిలోకి దిగుతుంది. ఆ పొంగు సోడియం సల్ఫేట్ పని. 32 డిగ్రీల సెల్సియస్‌కు కాస్త పైన అది నీరులేని స్ఫటికంగా ఉంటుంది. ఆ కిందికి చల్లబడి, తడి దొరికితే, ఒక్కో అణువుకు పది నీటి అణువులను కలుపుకొని మూడు రెట్లకు పైగా ఉబ్బుతుంది. పగలు ఆరి పిండవుతుంది, రాత్రి తడి తాగి ఉబ్బుతుంది. ఇది వందలసార్లు జరిగేసరికి నేల పైపొర మట్టిగా కాక మెత్తని పొడిగా మారిపోతుంది.

ప్లాయా అంచున, చెట్టూచేమా మొదలయ్యే చోట ఒక మట్టిపెళ్లను తీసి చేతిలో విరిచి చూడండి. పై రెండు మూడు సెంటీమీటర్లలో సూదితో పొడిచినట్టు సన్నని గుండ్రని బుడగలు కనిపిస్తాయి. వాటికి ఒకదానితో ఒకటికి దారి ఉండదు. దుమ్ముగా వచ్చి పడిన ఒండ్రు తడిసినప్పుడు లోపల చిక్కిన గాలి అది. చూస్తే రొట్టెలోపలి భాగంలా ఉంటుంది గానీ నీరు మాత్రం దిగదు. దాని కింద ఇంకొంచెం తవ్వితే, అదృష్టం బాగుంటే, స్తంభాల వరుస బయటపడుతుంది. ఒక్కో స్తంభం బొటనవేలంత నుంచి పిడికిలంత మందం. తలలు గుండ్రంగా, తెల్లగా పాలిపోయి ఉంటాయి. ఒళ్లు ముదురు గోధుమరంగు, నిగనిగలాడే బంకమన్ను పూత. పైనుంచి సోడియంతో విచ్చిపోయిన మన్ను జారి కింద పేరుకుంది, ఎండినప్పుడు నిలువునా నెర్రెలిచ్చింది, ఆ నెర్రెల్లోకి దిగే నీరు మూలలను కరిగించి తలలను గుండ్రం చేసింది. దీన్నే నాట్రిక్ పొర అంటారు. నేను చూసిన మట్టి కోతల్లో ఇంత అందమైనది మరొకటి లేదు. వేరుకు ఇంత కష్టమైనదీ లేదు.

ఇక కొలతలు. పొలంలో ముందు రెండు పరీక్షలు చేస్తాం. పదిశాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తే సున్నం ఉన్న మట్టి బుసబుస పొంగుతుంది. ఈ సరస్సు మట్టి దాదాపు అంతటా పొంగుతుంది కనుక దానివల్ల తెలిసేది కొంచెమే. రెండోది క్షారం తగిలితే రంగు మారే ఫినాఫ్తలీన్. సున్నం ఒక్కటే ఉన్న మట్టి గాలితో సమతౌల్యంలో ఉంటే ఉదజని సూచిక, అంటే pH, 8.4 దాటదు. చుక్క వేయగానే మట్టి ముదురు గులాబీరంగుకు తిరిగిందంటే అక్కడ సోడా ఉన్నట్టే. ఈ నేలల్లో 9, 10 చూడటం సాధారణం. అంత క్షారంలో ఇనుము, జింకు మొక్కకు అందవు. సిలికా కరుగుతుంది. బోరాన్ మాత్రం కావలసినదానికన్నా ఎక్కువగా అందుబాటులోకి వచ్చి విషమవుతుంది.

ప్రయోగశాలలో చూసేవి రెండు. మొదటిది లవణ సూచిక. మట్టిని నీటితో ముద్దగా తడిపి, పీల్చిన ద్రవం విద్యుత్తును ఎంత తేలికగా పోనిస్తుందో కొలుస్తారు. రెండోది వినిమయ సోడియం శాతం. బంకమన్ను మీద పట్టుకున్న అయాన్లలో సోడియం వంతు ఎంతో అది చెబుతుంది. కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్‌లో ఉన్న అమెరికా లవణ పరిశోధనశాల 1954లో ప్రచురించిన కరదీపిక ఈ రెండింటి మీదే గీతలు గీసింది. లవణ సూచిక మీటరుకు 4 డెసీసైమెన్లు దాటి, సోడియం 15 శాతం లోపు ఉంటే పాలచౌడు. సోడియం 15 దాటి, లవణం 4 లోపు ఉంటే కారుచౌడు, దాని ఉదజని సూచిక మామూలుగా 8.5కు పైనే. రెండూ దాటితే రెండూ కలిసిన నేల. గీతలు గీసినంత మాత్రాన మట్టి వాటి దగ్గర ఆగదు. వినిమయ సోడియం 15 కంటే బాగా తక్కువగా ఉన్నా స్వచ్ఛమైన నీటిలో విచ్చిపోయే బంకమన్ను ఉంది. అయినా 70 ఏళ్లుగా ప్రపంచమంతా ఈ అంకెలే వాడుతోంది. మొదటి చూపుకు అవి సరిపోతాయి.

బాగుచేయడానికి ఆ మూడు పేర్లు చాలు. నేల పుట్టుకను చెప్పడానికి చాలవు. దానికి అమెరికా మృత్తికా వర్గీకరణ ఉంది. 1975లో తొలి కూర్పు, 1999లో రెండో కూర్పు. అందులో మొత్తం 12 శ్రేణులు. ఎడారి నేలలకు అరిడిసాల్స్ అని పేరు. తొలి కూర్పులో దాని కింద రెండే ఉపశ్రేణులు ఉండేవి. బంకమన్ను దిగి పేరుకున్నవి ఆర్జిడ్స్, తక్కినవన్నీ ఆర్థిడ్స్. ఉప్పు ప్లాయాను, సున్నం గట్టిపడిన నేలను ఒకే గంపలో వేయడం అన్యాయమని ఆ నేలల మీద పనిచేసినవారు పట్టుబట్టారు. 1990లలో ఉపశ్రేణులు ఏడయ్యాయి. అప్పుడే ఉప్పు నేలలకు సాలిడ్స్ అని సొంత ఇల్లు దొరికింది. నా దృష్టిలో అది ఆలస్యంగా జరిగిన న్యాయం.

సాలిడ్ అనిపించుకోవాలంటే పైనుంచి ఒక మీటరు లోపల సాలిక్ పొర, అంటే ఉప్పు పేరుకున్న పొర, మొదలవ్వాలి. దాని మందం కనీసం 15 సెంటీమీటర్లు, లవణ సూచిక 30 లేదా అంతకంటే ఎక్కువ, ఆ రెండింటినీ గుణిస్తే కనీసం 900 రావాలి, ఏడాదిలో వరుసగా 90 రోజులు అలా ఉండాలి. 30 అంటే చాలా ఎక్కువ. సముద్రపు నీటి సూచిక 50కి అటూ ఇటుగా ఉంటుంది. అంతర్జాతీయ వర్గీకరణలో ఈ నేలలను సొలోన్‌చాక్ అంటారు, అక్కడ గీత 15 దగ్గరే పడుతుంది. ఉదజని సూచిక 8.5 దాటితే లవణ సూచిక 8 ఉన్నా చాలంటుంది. సోడా ఉన్న చోట కొద్దిపాటి లవణానికీ బరువు ఎక్కువని గుర్తించిన ఆ నిబంధన నాకు ఎక్కువ నచ్చుతుంది. ఇందాక చెప్పిన స్తంభాల నేల వాళ్ల లెక్కలో సొలోనెట్జ్. అమెరికా లెక్కలో అలాంటివి నాట్రార్జిడ్స్, కింద సిలికాతో గట్టుకట్టిన పొర ఉంటే నాట్రిడ్యూరిడ్స్.

ఈ పేర్లు వినగానే చాలామందికి భయం. నిజానికి అవి ఒక వాక్యాన్ని నొక్కి నొక్కి చిన్నది చేసినవే. ఒకటి విప్పి చూపిస్తాను. గ్రేట్ సాల్ట్ లేక్ ఒడ్డున సాల్టేర్ అనే పేరున్న మట్టి ఉంది. దాని పూర్తి పేరు: ఫైన్-సిల్టీ, మిక్స్‌డ్, సూపర్‌యాక్టివ్, మెసిక్, టిపిక్ అక్విసాలిడ్స్. చివరినుంచి చదవండి. ఇడ్ అంటే ఎడారి నేల. సాల్ అంటే పైన చెప్పిన ఉప్పు పొర ఉంది. అక్వి అంటే మీటరు లోపలే ఏడాదిలో నెలకు తగ్గకుండా నీరు నిండి ఉంటుంది. టిపిక్ అంటే ఆ గుంపుకు నమూనా లాంటిది. మెసిక్ అంటే అరమీటరు లోతున ఏటి సగటు ఉష్ణోగ్రత 8 నుంచి 15 డిగ్రీల మధ్య. సూపర్‌యాక్టివ్ అంటే బంకమన్ను పాలుతో పోలిస్తే అయాన్లను పట్టుకునే శక్తి చాలా ఎక్కువ. మిక్స్‌డ్ అంటే ఏ ఒక్క ఖనిజానిదీ పైచేయి కాదు. ఫైన్-సిల్టీ అంటే 18 నుంచి 35 శాతం బంకమన్ను, ముతక ఇసుక నామమాత్రం. అంటే ఇది లోతు నీటిలో నిదానంగా దిగిన మట్టి. చూశారా, ఎనిమిది ముక్కల్లో ఒక సరస్సు ఎలా నిండిందీ, ఎలా వెళ్లిందీ, ఇంకా ఎంత దగ్గరలో ఉందీ అన్నీ ఉన్నాయి.

ఇక్కడ ఒకరు తప్పక అడుగుతారు. నెలంతా నీరు నిండి ఉండే మట్టి ఎడారి నేల ఎలా అవుతుంది? మొక్క వైపు నుంచి చూస్తే అవుతుంది. ఆ నీటిలో ఎంత ఉప్పు ఉందంటే వేరు దాన్ని లాక్కోలేదు. చుట్టూ నీరున్నా మొక్కకు కరవే. ఈ విషయాన్ని వర్గీకరణ రాసినవారు నిబంధనల్లోనే చేర్చారు. అది వాళ్ల దూరదృష్టి.

అంత కరవులోనూ బతికే మొక్కలున్నాయి. ప్లాయా నడుమ ఏదీ ఉండదు. అంచున అయోడిన్ బుష్, సాల్ట్ గ్రాస్. ఇంకా పైకి వస్తే గ్రీజ్‌వుడ్, ఆపైన షాడ్‌స్కేల్. ఆ వరుస చూసి మట్టి తవ్వకుండానే లవణం ఎంతుందో ఉజ్జాయింపుగా చెప్పవచ్చు. గ్రీజ్‌వుడ్ వేళ్లు లోతున ఉన్న భూగర్భజలందాకా పోతాయి. అది సోడియాన్ని ఆకుల్లోకి లాగి, ఆకులు రాల్చినప్పుడు తన కిందనే నేల మీద వేస్తుంది. అందుకే పొద కిందినేల, పొదల మధ్యనేల అడుగు దూరంలోనే వేర్వేరు మట్టి. నమూనా తీసేవారు ఎక్కడ తీశారో రాయకపోతే ఆ ఫలితానికి విలువ లేదు.

ఈ నేలలన్నిటినీ సాగుకు తేవాలా అని ఎవరైనా అడిగితే నా జవాబు స్పష్టంగా వద్దు. జిప్సం వేసి సోడియాన్ని వదిలించవచ్చు, నిజమే. కానీ వదిలిన సోడియాన్ని నీటితో ఎక్కడికో పంపాలి. బయటకు దారిలేని లోయలో ఆ ఎక్కడికో అన్నది లేదు. 1902 నాటి నీటిపారుదల చట్టం తరువాత నెవాడాలో మొదలైన న్యూలాండ్స్ నీటిపారుదల పథకం పిరమిడ్ లేక్‌కు నీరిచ్చే ట్రకీ నదిని మళ్లించింది. పిరమిడ్ లేక్ మట్టం పడిపోయింది. పక్కనున్న విన్నెముక్కా లేక్ 1930లలో పూర్తిగా ఎండి, మన కళ్లముందే కొత్త ప్లాయా అయింది.

ఓవెన్స్ లేక్ కథ ఇంకా బాధాకరం. 1913లో లాస్ ఏంజెలెస్ కాలువ దాని నదిని పట్టుకుపోయింది. 1920ల మధ్యకల్లా సరస్సు ఎండింది. అది సోడా సరస్సు అని ఇందాక చెప్పాను. చలికాలపు తడిలో, చలిలో, సోడియం కార్బొనేట్, సల్ఫేట్ నీటితో కూడిన స్ఫటికాలుగా ఉబ్బుతాయి. ఆరగానే నీరు వదిలి పిండి అవుతాయి. వసంతకాలపు గాలి ఆ పిండిని లేపుతుంది. దశాబ్దాలపాటు ఆ దేశంలో శ్వాసలోకి పోయే సన్నని ధూళికి అతిపెద్ద ఏకైక కేంద్రంగా ఆ ఎండిన సరస్సు నిలిచింది. 2000 దశకం మొదటినుంచి దాని మీద పలచగా నీరు నిలపడం, సాల్ట్ గ్రాస్ పెంచడం, గులకరాళ్లు పరచడం మొదలుపెట్టాక ధూళి బాగా తగ్గింది. ఆ ఖర్చు, ఆ శ్రమ చూస్తే, సరస్సును ఎండనివ్వకపోవడమే ఎంత చవకో తెలుస్తుంది. ఇప్పుడు గ్రేట్ సాల్ట్ లేక్ కుంచించుకుపోతోంది. దాని ఒడ్డున బయటపడుతున్న మట్టిని చూసినప్పుడల్లా నాకు ఓవెన్స్ గుర్తొచ్చి కలవరంగా ఉంటుంది.

చివరగా ఈ గ్లాసుల దగ్గరికి రండి. వెనక వరుసలవారు కూడా వచ్చి చూడవచ్చు, తొందరేమీ లేదు. ఎడమ గ్లాసులో బెడ్డ ఆకారం పోయింది, నీరంతా పలచని మజ్జిగలా అయింది. రెండు మైక్రాన్ల కణం పది సెంటీమీటర్లు దిగడానికి సుమారు 8 గంటలు పడుతుంది. ఇందులో ఉన్నవి చాలావరకు అంతకంటే చిన్నవి. రేపు పొద్దున కూడా ఈ నీరు తేరుకోదు. కుడి గ్లాసులో బెడ్డ నాని విరిగింది, ముక్కలు అడుగున కూర్చున్నాయి, నీరు మాత్రం తేటగా ఉంది. అందులో ఉన్నది కాస్త కాల్షియం.

ఇప్పుడు ఈ జిప్సం నీటిని రెండు చెంచాలు ఎడమ గ్లాసులో పోస్తున్నాను. ఒకసారి కలిపి వదిలేస్తాను. పక్కనుంచి చూడండి, వెలుతురు అటునుంచి పడితే బాగా కనిపిస్తుంది. సన్నని పొలుసుల్లా ముద్దకడుతున్నాయి. అదిగో, పైన ఒక వేలెడు మందం తేరుకుంటోంది.